మధుమేహంలో రక్తనాళపు గోడ: అల్బుమిన్ ఎందుకు దాటిపోతుంది

మధుమేహం ఉన్నవారి పరీక్షల పట్టికలో పరగడుపు చక్కెరకు, తిన్న తరువాతి చక్కెరకు, మూడు నెలల సగటుకు దక్కే గౌరవం, ఎక్కడో చివరన ఉండే మూత్రపు అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తికి దక్కదు. చాలా ల్యాబుల ప్యాకేజీలలో అది అసలు ఉండదు. ఉన్నా, అదేదో కిడ్నీల సంగతి అనుకొని, సీరం క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటకు పంపే ఒక వ్యర్థపదార్థం రక్తంలో ఎంత ఉన్నదో చెప్పే అంకె) మామూలుగా ఉందన్న ధీమాతో పక్కన పెట్టేస్తారు. వైద్య కళాశాలలో బయోకెమిస్ట్రీ బోధించినవాడిని, నాకూ మధుమేహం ఉన్నది, కాబట్టి ఈ ఒక్క పరీక్ష గురించి బంధువుల దగ్గర విసుగు పుట్టేంతగా చెబుతూ ఉంటాను. నా దృష్టిలో అది మూత్రపిండాల పరీక్ష అనడం సగం నిజమే. ఒంట్లోని సన్నని రక్తనాళాల గోడలు ఏ స్థితిలో ఉన్నాయో, కోత గాటు లేకుండా తెలిపే పరీక్ష అది. అలా ఎందుకు అంటున్నానో ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

రక్తనాళంలోని ప్రోటీన్ బయటకు రావడమే జబ్బు అనుకుంటే, ఆ తరువాతిదంతా తప్పుగా అర్థమవుతుంది. రక్తద్రవంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీన్ అల్బుమిన్. దానిని కాలేయం తయారుచేస్తుంది. డెసిలీటరుకు మూడున్నర నుంచి ఐదు గ్రాముల వరకు ఉంటుంది. అణుభారం దాదాపు 66,500 డాల్టన్లు. ఒంట్లో ఉన్న అల్బుమిన్‌లో సగానికి పైగా ఎప్పుడూ రక్తనాళాల వెలుపలే, కణాల మధ్యనున్న ద్రవంలోనే ఉంటుంది. ఏ జబ్బూ లేని మనిషిలో సైతం నాళాలలోని అల్బుమిన్‌లో సుమారు 5 శాతం గంటగంటకూ గోడ దాటి వెళుతుంది. దానిని లింఫ్ నాళాలు పోగుచేసి, మెడ కింది పెద్ద సిరలలోకి తిరిగి చేరుస్తాయి. లెక్క వేసి చూస్తే, ఒక రోజు గడిచేలోగా రక్తంలోని అల్బుమిన్ అంతటికీ సమానమైన పరిమాణం ఒకసారి బయటకు వెళ్లి వస్తుందన్నమాట. అందుచేత అది దాటుతున్నదా లేదా అని అడగడంలో అర్థం లేదు. ఎంత వేగంగా దాటుతున్నది, ఏ అవయవంలో దాటుతున్నది, ఏ దారిన దాటుతున్నది అని అడగాలి. ఈ వేగానికి అంత ప్రాధాన్యం ఎందుకంటే, నాళం లోపల నీటిని పట్టి ఉంచేది ప్రధానంగా ఈ ప్రోటీనే. లోపలి రక్తపు ఒత్తిడి నీటిని బయటకు నెడుతుంటే, ప్రోటీన్ దానిని లోపలికి లాగుతుందని 1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ నిరూపించాడు. ప్రోటీన్ తనే గోడ దాటి వెళ్లిపోతే, నీరు కూడా దాని వెంటే పోతుంది.

ఇక గోడ సంగతి. కేశనాళిక అనే అతి సన్నని నాళానికి కండర పొర ఉండదు. లోపలివైపున ఎండోథీలియం అనే ఒకే ఒక్క వరుస పలుచని కణాలు, వాటి వెనుక ఆధారత్వచం అనే ప్రోటీన్ల అల్లిక, దానిని అంటిపెట్టుకొని అక్కడక్కడా పెరిసైట్లు అనే కావలి కణాలు, అంతే. అయినా ఈ నిర్మాణం ఒక అవయవానికీ మరొక అవయవానికీ ఎంతో మారుతుంది. కాలేయంలో కణాలకే పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి, అందువల్ల అక్కడ ప్రోటీన్లు ధారాళంగా రాకపోకలు సాగిస్తాయి. మెదడులోనూ కంటి రెటీనాలోనూ కణానికీ కణానికీ మధ్యనున్న సందులు గట్టి బంధాలతో మూసుకొని ఉంటాయి. కండరాలలో, చర్మంలో ఈ రెండింటికీ నడిమి స్థితి. ప్రోటీన్ బయటకు వెళ్లడానికి స్థూలంగా రెండు దారులున్నాయి: కణాల మధ్య సందులలో నుంచి పోవడం ఒకటి, కణమే దానిని చిన్న తిత్తిలో పెట్టుకొని ఈ వైపు నుంచి ఆ వైపుకు మోసుకుపోవడం రెండవది. మధుమేహం ఈ రెండు దారులనూ పాడుచేస్తుంది. చక్కెర నాళాలకు చిల్లులు పొడుస్తుందని సభలలో కొందరు వక్తలు చెబుతుంటారు గాని, మొదటి దశలో జరిగేది అది కాదు. కణాలన్నీ బతికే ఉంటాయి, గోడ నిండుగానే కనిపిస్తుంది. దేనిని ఆపాలో దేనిని పోనివ్వాలో తేల్చుకునే నేర్పు మాత్రం ఆ కణాలకు తగ్గిపోతుంది.

పాఠ్యపుస్తకాలు చాలాకాలం పట్టించుకోని పొర ఇంకొకటి ఉన్నది. ఎండోథీలియం కణాల లోపలి ముఖం మీద, రక్తం ఒరుసుకొని పారే చోట, చెరువు మెట్ల మీద పట్టిన పాచిలాగా చక్కెర గొలుసులతో, ప్రోటీన్లతో కూడిన మెత్తని పూత ఒకటి ఉంటుంది. దానిని గ్లైకోకాలిక్స్ అంటారు. హెపరాన్ సల్ఫేట్, హయాలురోనాన్ అనేవి అందులో ముఖ్యమైన గొలుసులు. వీటికి రుణావేశం ఉంటుంది, అల్బుమిన్‌కూ రుణావేశమే ఉంటుంది కాబట్టి పూత దానిని దగ్గరకు రానివ్వదు. మామూలు స్లైడ్ల తయారీలో ఈ పూత కొట్టుకుపోతుంది, అందుకే సూక్ష్మదర్శినిలో దశాబ్దాల పాటు ఇది సరిగా కనబడలేదు. నీటి రాకపోకల గురించి స్టార్లింగ్ చెప్పిన లెక్కను కూడా ఇప్పుడు ఈ పూతను కలుపుకొని సవరించి చెబుతున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధకులు 2006లో ఆరోగ్యవంతులైన వ్యక్తులకు కొన్ని గంటల పాటు గ్లూకోజు ఎక్కించి, రక్తంలో చక్కెరను ఎక్కువ స్థాయిలో నిలిపి చూశారు. ఒళ్లంతటా ఉండే ఈ పూత పరిమాణం సుమారు 1.7 లీటర్ల నుంచి 0.8 లీటర్లకు తగ్గినట్టు వారి కొలతలలో తేలింది. ఆ కొలిచే పద్ధతి పరోక్షమైనది, దాని మీద విమర్శలూ వచ్చాయి. కాబట్టి ఆ అంకెలను నేను గట్టిగా పట్టుకోను. అయితే చక్కెర పెరిగిన కొద్ది గంటలలోనే పూత పలుచబడగలదన్న విషయాన్ని జంతువులపై చేసిన ప్రయోగాలు కూడా బలపరుస్తున్నాయి. విందు భోజనం చేసినప్పుడల్లా చక్కెర 300 దాకా పోయి మర్నాటికి దిగిపోయేవారు ‘సగటు బాగానే ఉంది కదా’ అని నిశ్చింతగా ఉండడం నాకు అందుకే నచ్చదు.

చక్కెర పెరిగితే శరీరంలోని అన్ని కణాలూ ఒకే విధంగా ఎందుకు దెబ్బతినవు? కండర కణం ఇన్సులిన్ చెబితే గాని గ్లూకోజును పెద్దగా లోపలికి తీసుకోదు. ఎండోథీలియం కణానికి ఆ అదుపు లేదు. గ్లట్‌1 అనే వాహకం ద్వారా, రక్తంలో ఎంత ఉంటే కణంలోకీ దాదాపు అంతే వస్తుంది, పైగా ఎక్కువైనప్పుడు ఆ తలుపును తగ్గించుకోవడమూ దానికి చేతకాదు. లోపలికి వచ్చిన అధిక గ్లూకోజు మామూలు మార్గంలో ఖర్చు కాక, పక్క దారులు పడుతుంది. కొంత సార్బిటాల్‌గా మారుతుంది. కొంత ప్రోటీన్లకు అతుక్కొని, తిరిగి విడదీయరాని సమ్మేళనాలుగా స్థిరపడుతుంది. ఆధారత్వచంలోని ప్రోటీన్లు ఏళ్ల తరబడి మారకుండా ఉండేవి కాబట్టి ఈ అతుకులు అక్కడ పేరుకుపోతాయి. ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైము అవసరానికి మించి చురుకవుతుంది. ఈ దారులన్నిటికీ మూలంలో ఒకే కారణం ఉన్నదని, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో పుట్టే సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం వీటన్నిటినీ ఒకేసారి కదిలిస్తుందని మైకేల్ బ్రౌన్లీ 2001లో ప్రతిపాదించాడు. చాలా అందమైన సిద్ధాంతం అది. తరగతిలో చెప్పడానికి ఎంతో అనుకూలంగా ఉంటుంది. ఆచరణలో మాత్రం ఈ దారులను ఒక్కొక్కటిగా మూయడానికి తయారుచేసిన మందులు పెద్దగా ఫలించలేదు. ప్రోటీన్ కైనేజ్ సిని ఆపే రుబాక్సిస్టారిన్ మార్కెట్టుకు రాలేదు. సార్బిటాల్ దారిని ఆపే మందులలో ఎపాల్‌రెస్టాట్ ఒకటి జపాన్‌లోనూ మన దేశంలోనూ వాడుకలో ఉన్నది, అది కూడా నరాల సమస్య కోసమే.

కణాల మధ్య సందులకు ఏమవుతుందో రెటీనాలో బాగా తెలుసుకున్నారు. ఆ సందులను మూసి ఉంచే ప్రోటీన్లలో ఆక్లూడిన్ ఒకటి. దానిమీద ఫాస్ఫేట్ చేరితే, అది తన చోటు వదిలి కణం లోపలికి పోతుంది, సందు వదులవుతుంది. అలా ఫాస్ఫేట్ చేర్పించే సంకేతాలలో అతి బలమైనది వీఈజీఎఫ్. నేడు ఆ ప్రోటీన్ కొత్త రక్తనాళాలను మొలిపించేదిగానే ప్రసిద్ధం. కాని 1983లో డొనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వోరాక్ తదితరులు గినీ పందుల కణితులలో దానిని మొదట గుర్తించినప్పుడు, నాళాలను కారేటట్టు చేసే పదార్థంగానే గుర్తించారు. ఆ పనిలో, అలర్జీలో వాపు తెచ్చే హిస్టమిన్ కన్నా దాని శక్తి వేల రెట్లు ఎక్కువ. రెటీనాకు ప్రాణవాయువు సరిగా అందనప్పుడు అక్కడి కణాలు దీనిని విడుదల చేస్తాయి. దెబ్బతిన్న మధుమేహ రోగుల కళ్లలోని ద్రవంలో ఇది అధికంగా ఉంటుందని 1994లో తేలింది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగానికి వస్తాను. గోడ దాటే వేగాన్ని బతికున్న మనిషిలో ఎలా కొలుస్తారు? డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ దగ్గర స్టెనో అనే మధుమేహ ఆసుపత్రి ఉన్నది. 1970 దశకంలో హాన్స్‌–హెన్రిక్ పార్వింగ్, ఆయన సహచరులు రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన అల్బుమిన్‌ను నరంలోకి ఎక్కించి, తరువాతి గంటలో అది రక్తం నుంచి ఎంత వేగంగా మాయమవుతున్నదో వరుసగా రక్తం తీసి లెక్కించారు. ఇంతకుముందు చెప్పిన గంటకు 5 శాతం అన్న మాట ఇటువంటి కొలతల నుంచి వచ్చినదే. ఏళ్ల తరబడి మధుమేహం ఉండి, కళ్లూ మూత్రపిండాలూ దెబ్బతిన్నవారిలో ఈ వేగం స్పష్టంగా ఎక్కువగా ఉన్నది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, మధుమేహం వచ్చి ఎంతో కాలం కాని యువకులలో కూడా చక్కెర అదుపు తప్పినప్పుడు వేగం పెరిగింది, అదుపులోకి తెచ్చాక తగ్గింది. అంటే తొలి దశలో గోడ చేసే తప్పును వెనక్కి తిప్పవచ్చు. ఏళ్లు గడిచి, నిర్మాణమే మారిపోయాక అంత సులువుగా తిరగదు.

అదే ఆసుపత్రిలో బో ఫెల్ట్‌–రాస్ముసెన్ 1986లో మరొక మెట్టు ఎక్కాడు. టైప్‌ 1 మధుమేహం ఉన్నవారిని మూత్రంలో అల్బుమిన్ మామూలుగా ఉన్నవారు, కొద్దిగా పెరిగినవారు అని వేరుచేసి చూస్తే, ఒళ్లంతటా గోడ దాటే వేగం పెరిగినది రెండవ గుంపువారిలోనే. మూత్రంలోకి వచ్చేది మూత్రపిండంలోని నాళాల నుంచి. అయోడిన్ అల్బుమిన్ కొలిచేది కండరాలు, చర్మం, అన్ని చోట్ల ఉన్న నాళాలను. ఈ రెండూ కలిసి పెరగడాన్ని చూసి, టార్స్టెన్ డెకర్ట్ బృందం 1989లో ‘స్టెనో పరికల్పన’ పేరిట ఒక ప్రతిపాదన చేసింది: మూత్రంలోని అల్బుమిన్ శరీరమంతటా రక్తనాళాలకు జరిగిన హానికి గుర్తు. మూత్రంలో అల్బుమిన్ ఉన్న మధుమేహ రోగులు కిడ్నీలు పూర్తిగా పాడవక ముందే గుండె జబ్బులతో ఎందుకు చనిపోతున్నారన్న పాత ప్రశ్నకు దానిలో జవాబు దొరికింది. ఆ పరికల్పనలో ఒక భాగం, అంటే హెపరాన్ సల్ఫేట్ తయారీలోని ఒక ఎంజైము అందరిలో ఒకేలా ఉండదని, దాని వల్లనే కొందరు ఈ హానికి గురవుతారని చెప్పిన భాగం తరువాతి ప్రయోగాలకు అంతగా నిలవలేదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే టైప్‌ 2లో చిత్రం అంత శుభ్రంగానూ ఉండదు. రక్తపోటు, పొట్ట చుట్టూ కొవ్వు, వయసు, ఇవన్నీ గోడ మీద తమ వంతు పని చేస్తూనే ఉంటాయి. అయినా మూత్రంలో అల్బుమిన్ పెరగడానికీ గుండెపోటుకూ పక్షవాతానికీ ఉన్న సంబంధం టైప్‌ 2లోనూ గట్టిగానే నిలిచింది.

మూత్రపిండం విషయంలో ఒక వింత ఉన్నది. ప్రతి మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛాలు ఉంటాయి; రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. డెసిలీటరుకు నాలుగు గ్రాముల అల్బుమిన్ ఉన్న రక్తాన్ని అంతగా వడకట్టినా, ఆరోగ్యవంతుడి మూత్రంలో రోజుకు 30 మిల్లీగ్రాములకు మించి రాదు. అక్కడ గోడకు మూడు అంచెలుంటాయి: గ్లైకోకాలిక్స్ పూతతో రంధ్రాలున్న ఎండోథీలియం, ఆధారత్వచం, దానికి వెలుపల పాదాలు చాచి వేళ్లల్లా పెనవేసుకొన్న పోడోసైట్లు అనే కణాలు. మధుమేహంలో ఆధారత్వచం పలుచబడదు, మందమవుతుంది. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ వర్ణించిన ముద్దల వంటి గట్టి పదార్థం కూడా గుచ్ఛాలలో పేరుకుంటుంది. మందమైన గోడ మరింతగా కారడం విద్యార్థులకు ఎప్పుడూ మింగుడు పడదు. ఆ అల్లిక మందమవుతున్నా దాని కూర్పు మారిపోతుంది, పోడోసైట్లు వాచి రాలిపోతాయి, వాటి పాదాల మధ్య సందులను కాచే నెఫ్రిన్ అనే ప్రోటీన్ తగ్గుతుంది. వీటన్నిటికీ తోడు, గుచ్ఛం లోపలి ఒత్తిడి పెరిగి రక్తం మరింత బలంగా గోడను తోస్తుంది. వడపోత దాటి వచ్చిన కొద్దిపాటి అల్బుమిన్‌ను తిరిగి తీసుకోవలసిన మూత్రనాళికల కణాలు కూడా మధుమేహంలో మందకొడిగా మారతాయి కాబట్టి, మూత్రంలో కనిపించేదంతా గోడ తప్పే అనుకోవడం సరికాదు. స్టెనో పరికల్పనను మరీ అక్షరాలా నమ్మేవారికి నేను చెప్పే అభ్యంతరం ఇదే.

అంత తక్కువ అల్బుమిన్‌ను కొలవగలగడం 1963 దాకా కుదరలేదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో హ్యారీ కీన్, క్లోవెరాకిస్ ఆ సంవత్సరం ప్రతిరక్షకాల ఆధారంగా ఒక పద్ధతిని ప్రకటించారు. అదే చోట జియాన్‌కార్లో విబెర్టీ బృందం 1982లో వెలువరించిన వ్యాసం చిన్నదే అయినా, మధుమేహ వైద్యాన్ని మలుపు తిప్పింది. ఇన్సులిన్ మీద ఆధారపడిన 63 మందిని 14 ఏళ్ల తరువాత వెతికి చూస్తే, మొదట్లో నిమిషానికి 30 మైక్రోగ్రాములకన్నా తక్కువ అల్బుమిన్ విసర్జించిన 55 మందిలో ఇద్దరికి మాత్రమే పైకి కనబడే ప్రోటీన్ నష్టం మొదలైంది; అంతకన్నా ఎక్కువ విసర్జించిన ఎనిమిది మందిలో ఏడుగురికి మొదలైంది. అంటే మామూలు మూత్ర పరీక్ష పట్టీ ఏ రంగూ మారకుండా చల్లగా ఉన్న రోజులలోనే కథ సగం రాసి ఉన్నది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌కు చెందిన మోగెన్సన్ 1984లో పెద్దవయసులో వచ్చే మధుమేహానికీ ఇదే చూపించాడు, మరణాలతో సహా. చెన్నై నగరంలో జరిగిన క్యూర్స్ అధ్యయనంలో, మధుమేహం ఉన్నవారిలో సుమారు 27 శాతం మందికి ఈ కొద్దిపాటి అల్బుమిన్ పెరుగుదల కనిపించింది. దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా కట్టింది. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుంటే, చడీచప్పుడు లేకుండా గోడలు కారుతున్నవారు ఎందరో ఊహించుకోవచ్చు.

ఈ పరీక్ష ఫలితం చేతికి వచ్చాక మన ఇళ్లలో జరిగే మొదటి పని మాత్రం వంటగదిలో జరుగుతుంది. తెనాలిలో ఉండే మా బావగారికి, 30 లోపు ఉండవలసిన ఆ నిష్పత్తి 180 వచ్చినప్పుడు ఆయన నాకు ఫోను చేసి, “ఏమయ్యా, ఒంట్లోంచి ప్రోటీనంతా పోతోందంట, రోజుకు రెండు గుడ్లు పెంచమంటావా, డబ్బాలో వచ్చే ఆ పొడేదో తెప్పించమంటావా?” అని అడిగారు. “బావగారూ, మీకు పోయేది రోజుకు గ్రాములో అయిదో వంతు, ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. పోయినది పూడ్చడం మీ పని కాదు, పోకుండా చూడడం మీ పని” అన్నాను. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోలేదు, పొడి డబ్బా అప్పటికే కొనేశారు. ఇది ఆయన ఒక్కరి తప్పు కాదు. ‘పోతున్నది’ అనగానే ‘పెట్టాలి’ అనిపించడం సహజం. కాని అదనంగా తిన్న ప్రోటీన్ అల్బుమిన్‌గా మారి రక్తంలో నిలవదు, పైగా గుచ్ఛంలోని ఒత్తిడిని పెంచుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న మధుమేహ రోగులకు కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రోటీన్ చాలునని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు మూడున్నర గ్రాములు దాటి పోయే స్థితి వేరు; అప్పుడు రక్తంలో అల్బుమిన్ పడిపోతుంది, ముఖం, కాళ్లు ఉబ్బుతాయి. అప్పుడు కూడా ఎంత తినాలో వైద్యుడు చెప్పాలే గాని డబ్బా మీది బొమ్మ చెప్పకూడదు.

కంటిలో కారే గోడను వైద్యులు నేరుగా చూడగలుగుతారు, అందుకే ఈ విషయంలో మనకు తెలిసినదానిలో పెద్ద భాగం కంటి నుంచే వచ్చింది. 1961లో ఇండియానా విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ నొవొట్నీ, డేవిడ్ ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఫ్లోరసీన్ అనే రంగును చేతి నరంలోకి ఎక్కించి, అది రెటీనా నాళాలలో పారుతుండగా ఫొటోలు తీశారు. ఈ రంగు అణువు అల్బుమిన్‌తో పోలిస్తే ఎంతో చిన్నది, 376 డాల్టన్లే. రక్తంలో దానిలో ఎక్కువ భాగం అల్బుమిన్‌ను పట్టుకొని తిరుగుతుంది, కొంత విడిగానే ఉంటుంది. ఆరోగ్యమైన రెటీనాలో విడిగా ఉన్న ఆ చిన్న అణువు సైతం గోడ దాటలేదు. మధుమేహ రోగి కంటిలో నాళాల పక్కన రంగు మెల్లగా మబ్బుపట్టినట్టు వ్యాపించడం ఒకసారి చూసినవారికి గోడ కారడం అంటే ఏమిటో ఇక వేరే చెప్పనక్కరలేదు. అదే 1961లో కోగన్, టూసాంట్, కువబారా అనే పరిశోధకులు మరొక విషయం బయటపెట్టారు: మధుమేహ రోగుల రెటీనాలో కేశనాళికలను పట్టి ఉండే పెరిసైట్లు ముందుగా రాలిపోతాయి. శరీరంలో మరెక్కడా లేనంత దట్టంగా, దాదాపు ఒక ఎండోథీలియం కణానికి ఒకటి చొప్పున, అవి రెటీనాలో ఉంటాయి. కాబట్టి అవి పోయినప్పుడు కలిగే లోటు అక్కడే ఎక్కువ. గోడ దాటిన ప్రోటీన్, కొవ్వు పదార్థాలు రెటీనాలో పసుపు మరకలుగా గట్టిపడతాయి, వాటి వెంట వచ్చిన నీరు చూపుకు కేంద్రమైన మాక్యులాను ఉబ్బిస్తుంది. అక్షరాలు వంకరగా కనబడడం, ముఖాలు గుర్తుపట్టలేకపోవడం అప్పటి నుంచే. వీఈజీఎఫ్‌ను బంధించే రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్, బెవాసిజుమాబ్ వంటి మందులను కంటిలోకి ఇంజెక్షనుగా ఇచ్చినప్పుడు వాపు తగ్గి చూపు మెరుగుపడడమే, ఈ కారుటలో ఆ ప్రోటీన్ పాత్ర ఎంతటిదో చెప్పే గట్టి రుజువు. ఖర్చు, మళ్లీ మళ్లీ ఇవ్వవలసి రావడం వేరే బాధలు.

కాళ్ల వాపు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నన్ను ఎక్కువగా అడిగేది దాని గురించే. మధుమేహం ఉన్న మనిషి పాదాలు ఉబ్బితే అది అల్బుమిన్ నష్టమే అని తేల్చేయకూడదు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ చీలమండల దగ్గర వాపు తెస్తుంది, చక్కెరకు ఇచ్చే పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది. గుండె బలహీనపడినా వాపే. కారణం వెతకకుండా నీరు పోయే మాత్ర వేసుకోవడం మన ఊళ్లలో మామూలై పోయింది.

కిడ్నీ అనగానే తెలుగువారి మనసు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పోతుంది. ఆ ప్రాంతపు జబ్బు వేరు. అక్కడ చక్కెరా రక్తపోటూ లేనివారిలో కూడా మూత్రపిండాలు కుంచించుకుపోతున్నాయి, మూత్రంలో ప్రోటీన్ లేకపోవచ్చు లేదా చాలా తక్కువగా ఉండవచ్చు, ఎందుకంటే అక్కడ ముందు దెబ్బతినేది వడపోత గోడ కాదు, మూత్రనాళికల చుట్టూ ఉన్న కణజాలం. మధుమేహంలో సాధారణంగా అల్బుమిన్ ముందు పెరిగి, క్రియాటినిన్ ఆ తరువాత ఎన్నో ఏళ్లకు పెరుగుతుంది. టైప్‌ 2లో అల్బుమిన్ పెరగకుండానే వడపోత సామర్థ్యం తగ్గేవారూ ఉన్నారు, అందువల్ల రెండు పరీక్షలూ కావలసిందే.

చికిత్స గురించి వివరంగా రాయడం ఈ వ్యాసపు పని కాదు గాని, గోడకు సంబంధించినంత వరకు చెబుతాను. టైప్‌ 1 రోగులు 1,441 మందిపై జరిగి 1993లో ఫలితాలు వెల్లడైన డీసీసీటీ అధ్యయనంలో, చక్కెరను కట్టుదిట్టంగా ఉంచినవారిలో అల్బుమిన్ కొద్దిగా పెరగడం 39 శాతం, పైకి కనబడేంతగా పెరగడం 54 శాతం తగ్గింది. అదే సంవత్సరం కాప్టోప్రిల్ అనే రక్తపోటు మందు, రక్తపోటు తగ్గించడం వల్ల వచ్చే మేలు కన్నా ఎక్కువగా మూత్రపిండాలను కాపాడుతుందని తేలింది. 2001లో లోసార్టన్, ఇర్బిసార్టన్‌లకు టైప్‌ 2లో అదే ఫలితం వచ్చింది. ఈ మందులు వడపోత గుచ్ఛం నుంచి రక్తం బయటకు పోయే నాళాన్ని సడలించి, లోపలి ఒత్తిడిని దించుతాయి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి రక్తం లోపలికి వచ్చే నాళాన్ని బిగించి అదే పని మరో వైపు నుంచి చేస్తాయి. డపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంటు మన దేశంలో 2020లో ముగిశాక దాని ధర మధ్యతరగతికి అందేంతగా దిగింది. రక్తపోటు బాగానే ఉందంటూ, లోసార్టన్ కోవకే చెందిన టెల్మిసార్టన్ వంటి మాత్రను సొంతంగా మానేసేవారికి నేను చెప్పేది, ఆ మాత్ర మీకు రాసినది రక్తపోటు కోసమే కాకపోవచ్చు, మానే ముందు రాసినవారిని అడగండి అని.

చివరగా పరీక్ష చేయించుకునే పద్ధతి. టైప్‌ 2 అయితే జబ్బు తెలిసిన రోజునే, టైప్‌ 1 అయితే అయిదేళ్లు నిండాక మొదలుపెట్టి, ఏటా చేయించాలి. ఇరవై నాలుగు గంటల మూత్రం పోగుచేయనక్కరలేదు, పొద్దున్నే మొదటిసారి పోసిన దానిలో కొంచెం ఇస్తే చాలు. అందులోని క్రియాటినిన్‌తో భాగించడం వల్ల, నీళ్లు ఎక్కువ తాగినా తక్కువ తాగినా ఫలితం పెద్దగా మారదు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, 30 నుంచి 300 వరకు కొద్దిపాటి పెరుగుదల, ఆపైన తీవ్రం. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు చేసిన కఠిన వ్యాయామం, స్త్రీలకు నెలసరి, ఇవన్నీ అంకెను పైకి తోస్తాయి. కాబట్టి ఒక్కసారి ఎక్కువ వచ్చిందని బెంబేలు పడకుండా, మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడుసార్లు చేయించి, రెండుసార్లు ఎక్కువ వస్తేనే నిజమని తీసుకుంటారు. నిజమని తేలితే ఆ కాగితాన్ని కిడ్నీ డాక్టరుకు మాత్రమే చూపించి ఊరుకోకండి. కంటిపాపను పెద్దది చేసి రెటీనాను చూసే పరీక్ష ఏడాదిగా చేయించకపోయి ఉంటే ఆ వారంలోనే చేయించండి, గుండె సంగతి చూసే వైద్యుడికి కూడా ఆ అంకెను చెప్పండి.